దెబ్బ ఎక్కడ ఆగింది?

ప్రమాదంలో దెబ్బతిన్న కారు తక్కువ ధరకు దొరుకుతోంది, కొని బాగు చేయించుకోవచ్చా అని అడిగేవాళ్లకు సాధారణంగా రెండు రకాల జవాబులు ఎదురవుతాయి. ఒకసారి గుద్దుకున్న బండి ఇక పనికిరాదు, దాని జోలికి పోవద్దు అనేది ఒకటి. మంచి మెకానిక్కు ఉంటే చాలు, కొత్తదానిలా చేసి చేతికిస్తాడు అనేది రెండోది. ఈ రెండింటితోనూ నాకు పేచీ ఉంది. మొదటి మాట నమ్మితే, ఒక తలుపూ ఒక బంపరూ మారిస్తే ఏళ్ల తరబడి నిక్షేపంగా తిరిగే కార్లు తుక్కులోకి పోతాయి. రెండో మాట నమ్మితే, లోపలి బలం పోయిన కారులో పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కుతాం. ధర ఎంత తగ్గింది, మెకానిక్కు ఎంత నేర్పరి అనేవి తర్వాత చూసుకోవలసిన లెక్కలు. అన్నిటికన్నా ముందు తేలవలసిన ప్రశ్న వేరే ఉంది. గుద్దినప్పటి ఊపు కారు శరీరంలో ఎంతదాకా ప్రయాణించింది, ఎక్కడ ఆగింది?

బోల్టులతో బిగించిన భాగాల దగ్గరే ఆగిపోయి ఉంటే నిశ్చింతగా కొనవచ్చు. మనుషులు కూర్చునే గదిని తాకి ఉంటే ఎంత చవకగా వచ్చినా వదిలేయాలి. ఈ రెండింటి మధ్యలో ఆగిన కార్లు చాలా ఉంటాయి. వాటి విషయంలో ఆ సంగతిని కొలిచి చూపించగలిగితేనే ముందుకు వెళ్లాలని నా వాదన.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే కారు గుద్దుకున్నప్పుడు ఏం జరుగుతుందో కాస్త చూడాలి. పాతకాలం కార్లు ఇనప పెట్టెల్లా ఉండేవి, ఇప్పటివి రేకు డబ్బాలు అని పెదవి విరిచేవాళ్లు చాలామంది. కానీ కారు మొత్తం వంగకుండా గట్టిగా నిలబడితే, ఆ ఊపంతా లోపల ఉన్న మనిషి ఒంటి మీదే పడుతుంది. కారు ముందు భాగం, వెనక భాగం నలిగిపోతూ ఆ శక్తిని మింగేయాలి, మధ్యలో మనుషుల గది మాత్రం చెక్కుచెదరకూడదు అనే ఆలోచనకు రూపం ఇచ్చిన ఇంజినీరు బేలా బరేని. డైమ్లర్-బెంజ్‌లో పనిచేస్తూ ఆయన 1951లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఆ పద్ధతిలో తయారైన మెర్సిడెస్ డబ్ల్యు111 కారు 1959లో రోడ్డు మీదికి వచ్చింది. ఇప్పుడు మనం నడిపే ప్రతి కారూ ఆ దారిలో నడుస్తున్నదే.

ఇంజనుకు అటూ ఇటూ ముందుకు చాచి ఉండే రెండు బోలు ఉక్కు దూలాలు ఈ పనికి ముఖ్యం. ఎక్కడ మొదట మడత పడాలో, తర్వాత ఎక్కడ పడాలో ముందే నిర్ణయించి వాటిని తయారు చేస్తారు. చాలా కార్లలో ఈ దూలాల కొసన, బంపరు వెనక, క్రాష్ బాక్సులనే పొట్టి ముక్కలు బోల్టులతో బిగించి ఉంటాయి. మెల్లగా వెళుతూ గుద్దితే నష్టం వాటితోనే ఆగిపోతుంది. విప్పేసి కొత్తవి బిగించుకోవచ్చు. వేగం పెరిగితే కథ మారుతుంది. గుద్దినప్పటి శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 70 దగ్గర అది దాదాపు రెట్టింపు. అది క్రాష్ బాక్సులను దాటి దూలాలను మడత పెడుతుంది, ఇంకా మిగిలితే గదిని వెతుక్కుంటూ వెళుతుంది. నలిగిన దూలం తన పని తాను చేసేసింది. వెలిగిన అగ్గిపుల్లను తుడిచి మళ్లీ పెట్టెలో పెడితే ఏం లాభమో, నలిగిన దూలాన్ని లాగి సాఫు చేస్తే అంతే లాభం. చూడటానికి తిన్నగానే ఉంటుంది. మరోసారి గుద్దుకున్నప్పుడు మడత ఎక్కడ పడుతుందో, ఎంత తేలిగ్గా పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఉక్కు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "లాగి సరిచేస్తాం" అనే మాటలోని ప్రమాదమంతా అక్కడే ఉంది. వెనకటి కార్లలో ఒళ్లంతా మెత్తటి ఉక్కే ఉండేది. గ్యాస్ మంటతో కాల్చి, సుత్తితో కొట్టి, గొలుసు వేసి లాగి తిన్నగా చేసినా పెద్దగా చెడేది కాదు. చేయి తిరిగిన పాత పనివాళ్ల విద్య ఆ ఉక్కు మీద పెరిగింది. ఇప్పటి కార్లలో ముందు అద్దం పక్క స్తంభాలు, తలుపుల మధ్య స్తంభం, గుమ్మం కింది దూలం వంటివి చాలావరకు బోరాన్ కలిపిన ఉక్కుతో చేస్తారు. ఆ రేకును 900 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, అచ్చులో నొక్కుతూ అక్కడికక్కడే చల్లారుస్తారు. అలా చేసిన ఉక్కు తెగే బలం సుమారు 1,500 మెగాపాస్కల్‌లు. మెత్తటి ఉక్కుకు ఇది నాలుగైదు రెట్లు. 1984లో సాబ్ 9000 కారు తలుపుల్లో అడ్డకడ్డీలుగా మొదలైన ఈ ఉక్కు తర్వాత కారు గది అంతటికీ పాకింది. ప్రమాదంలో ఇరుక్కున్నవాళ్లను బయటికి తీసే సహాయక సిబ్బంది పాత కోత యంత్రాలు దీన్ని కోయలేక బలమైన కొత్త యంత్రాలు తెచ్చుకోవలసి వచ్చింది.

ఇంతటి బలం వేడిచేసి చల్లార్చిన తీరులోనే ఉంది. మళ్లీ మంట పెడితే ఆ బలం కరిగిపోతుంది. వేడి చేయకుండా లాగితే సన్నని పగుళ్లు వస్తాయి. అందుకే ఇలాంటి భాగాలు వంగితే సరిచేయకూడదని, తాము చూపిన చోటే కోసి, తాము చెప్పిన పద్ధతిలోనే కొత్త ముక్కను అతకాలని కారు తయారీ సంస్థలు తమ మరమ్మతు పుస్తకాల్లో స్పష్టంగా రాస్తాయి. కాబట్టి "ఎవరు చేస్తారు" అనే ప్రశ్నకు "చేయి తిరిగిన మనిషి" అనే జవాబు నాకు చాలదు. ఆ మోడలు మరమ్మతు పుస్తకం అతని దగ్గర ఉందా, దాన్ని తెరిచి చూసి చేస్తాడా, స్పాట్ వెల్డింగు యంత్రం ఉందా అని అడుగుతాను. నలభై ఏళ్ల అనుభవం ఉన్న పెద్దాయనను ఇలా అడగడం అగౌరవమని కొందరు నొచ్చుకుంటారు. ఆయన నేర్చుకున్న ఉక్కు వేరు, ఈ కారులో ఉన్న ఉక్కు వేరు. ఆ సంగతి ఒప్పుకోవడం ఆయన విద్యను కించపరచడం కాదు.

పుస్తకాన్ని పక్కన పెడితే ఏమవుతుందో అమెరికాలోని టెక్సాస్‌లో కోర్టు దాకా వెళ్లిన ఒక కేసు చెబుతుంది. వడగళ్లకు దెబ్బతిన్న 2010 మోడల్ హోండా ఫిట్ కారుకు ఒక వర్క్‌షాపు పైకప్పు మార్చింది. తయారీ సంస్థ వెల్డింగు చేయమన్న చోట జిగురుతో అతికించింది. ఆ సంగతి తెలియని ఒక జంట ఆ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 2013లో మరో వాహనం వచ్చి గుద్దినప్పుడు కారు గది నిలబడలేదు, ఇంధన ట్యాంకు పగిలి మంటలు లేచాయి, ఇద్దరూ తీవ్రంగా గాయపడ్డారు. 2017లో జ్యూరీ ఆ వర్క్‌షాపు బాధ్యతను 3 కోట్ల 15 లక్షల డాలర్లుగా తేల్చింది. ఆ కారుకు మొదట తగిలింది గట్టి దెబ్బ కూడా కాదు, వడగళ్లు. ఇద్దరూ అంతగా గాయపడటానికి మరమ్మతు జరిగిన తీరే ప్రధాన కారణమైంది. నాకు ఈ కేసు గుర్తొచ్చినప్పుడల్లా ఆ జంట కారు కొనే రోజున పైకప్పు మెరుపు చూసి సంతోషించి ఉంటారు కదా అనిపిస్తుంది.

సరే, దెబ్బ ఎక్కడ ఆగిందో కనిపెట్టడం ఎలా? నలిగిన బానెట్టును చూసి లాభం లేదు. కళ్లు సహజంగా అటే పోతాయి, ఫొటోల్లోనూ అదే చూపిస్తారు. నేనైతే కారును లిఫ్టు మీదికి ఎత్తించి అడుగు భాగంతో మొదలుపెడతాను. దూలాల మీద రంగు అలలు అలలుగా చిట్లిందా, అతుకుల దగ్గర జిగురు పగిలిందా, ఇంజనును మోసే చట్రం పక్కకు జరిగి దాని బోల్టుల కింద మెరిసే గీత బయటపడిందా అని చూస్తాను. తర్వాత తలుపులన్నీ తెరిచి మూస్తాను. గుద్దిన వైపు కాకుండా దూరంగా ఉన్న తలుపు బిగుసుకుంటే గది ఆకారమే మారిందన్నమాట. ముందు భాగం దెబ్బ తిన్న కారులో వెనక తలుపు సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే నాకు ఇంకే ఆధారమూ అక్కర్లేదు.

కార్పెట్టు ఎత్తి, డ్రైవరు పాదాల దగ్గరి రేకును చూడటం చాలామంది మరిచిపోతారు. మూలకు తగిలిన దెబ్బల్లో ఇంజను పక్కనుండే దూలాలు దెబ్బకు అందవు, ముందు చక్రం నేరుగా వెనక్కి వచ్చి ఆ రేకును తోస్తుంది. కార్ల భద్రతను పరీక్షించే అమెరికాలోని ఐఐహెచ్ఎస్ సంస్థ 2012లో ఇలాంటి మూల దెబ్బకు, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో నాలుగో వంతు మాత్రమే తగిలేలా పరీక్ష మొదలుపెట్టినప్పుడు పేరున్న ఖరీదైన కార్లు కూడా అందులో తప్పాయి. బయట చూస్తే ఒక హెడ్‌లైటూ ఒక ఫెండరూ పోయినట్టే ఉండి లోపల గది వంగిన కార్లు ఇలాగే పుడతాయి. అందుకే "ఒక మూల మాత్రమే తగిలింది" అని అమ్మేవాళ్లు అంటే నేను మరింత జాగ్రత్త పడతాను.

కంటితో చూశాక కొలత. కారు అడుగున తయారీ సంస్థ నిర్ణయించిన గుర్తు రంధ్రాలు ఉంటాయి. వాటి మధ్య మూలకు మూల దూరాలు రెండు వైపులా సరిపోవాలి. మామూలుగా 3 మిల్లీమీటర్లకు మించి తేడా రాకూడదని మరమ్మతు రంగంలో పాటిస్తారు. కొలత బెంచీ ఉన్న వర్క్‌షాపు ఈ కొలతలు తీసి కాగితం మీద ముద్రించి ఇస్తుంది. ఆ కాగితానికయ్యే ఖర్చు ఎవరు భరించాలని బేరమాడవచ్చు గానీ, కాగితం లేకుండా కొనడం గురించి నాకు బేరం లేదు. ఇదివరకే ఎవరో బాగు చేసి అమ్ముతున్న కారైతే రంగు మందం కొలిచే చిన్న పరికరం ఉపయోగపడుతుంది. ఫ్యాక్టరీ రంగు చాలా కార్లలో సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను) ఉంటుంది. ఎక్కడైనా వెయ్యి దాటితే కింద పుట్టీ ఉందని అర్థం. తలుపు మీద పుట్టీ ఉంటే నేను పట్టించుకోను. స్తంభం మీద ఉంటే వెనుదిరిగి వచ్చేస్తాను.

ఇలా చూసి నేను కొన్న కారు ఒకటి ఉంది, ఇప్పటికీ ఇంట్లో అందరం అందులోనే తిరుగుతున్నాం. పక్కనుంచి ఏదో రాసుకుపోయి రెండు తలుపులు, వెనక ఫెండరు దారుణంగా గీరుకుపోయాయి. చూసినవాళ్లంతా అయ్యో అన్నారు. లోపలి ప్లాస్టిక్ కవరు విప్పించి చూస్తే మధ్య స్తంభం రంగు కూడా చెదరలేదు, ఎయిర్‌బ్యాగులన్నీ వాటి చోట్ల ఉన్నాయి, గుమ్మం కింది దూలం తిన్నగా ఉంది. దెబ్బ తలుపుల రేకులోనే తేలిపోయింది. చూడటానికి అంత భయంకరంగా ఉండబట్టే ధర అంతలా దిగింది. ఇలాంటి కార్లను జనం భయపడి వదిలేయడం, సాఫుగా రంగు వేసిన ప్రమాదకరమైన కార్లకు ఎగబడటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఎయిర్‌బ్యాగుల విషయంలో నేను ఇంకా కఠినం. గుద్దిన తర్వాత సుమారు 30 మిల్లీసెకన్లలో అవి విచ్చుకుంటాయి. కనురెప్ప పడేలోపే పని అయిపోతుంది. అవి విచ్చుకున్నాయంటే సీటు బెల్టులను బిగించే మందుగుండు మీటలు కూడా సాధారణంగా పేలి ఉంటాయి. మార్చవలసినవి అప్పుడు బ్యాగులు మాత్రమే కావు. బెల్టులు, సెన్సర్లు, కంట్రోల్ యూనిట్, బ్యాగు చీల్చుకుని బయటికి వచ్చిన డ్యాష్‌బోర్డు, తరచుగా పగిలిన ముందు అద్దం కూడా జాబితాలో చేరతాయి. అన్నీ అసలువి, కొత్తవి కొంటే మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది. అందుకే ఈ ఒక్క చోట అడ్డదారులు విపరీతం. నకిలీ బ్యాగులు ఇంటర్నెట్‌లో అమ్ముడవుతున్నాయని, వాటిలో కొన్ని విచ్చుకోకపోగా లోహపు ముక్కలు విసురుతున్నాయని అమెరికా రవాణా భద్రతా సంస్థ 2012లో హెచ్చరించింది. అంతకన్నా చవకైన మోసం ఒకటుంది. బ్యాగు ఉండవలసిన చోట దాని వైర్లకు చిన్న రెసిస్టరు తగిలిస్తారు. బ్యాగు ఉందనుకుని కంప్యూటర్ సంతృప్తి పడుతుంది, హెచ్చరిక దీపం మామూలుగా వెలిగి ఆరిపోతుంది. స్టీరింగు మీద కొత్త మూత మెరుస్తూ ఉంటుంది, వెనక ఖాళీ.

మా తమ్ముడు ఒక కారు చూసి ముచ్చటపడినప్పుడు అమ్మే ఆయన సరిగ్గా ఇదే అన్నాడు: "దీపం రాకుండా చేసి ఇస్తాను, మీరేం కంగారు పడకండి." దీపం రాకుండా చేయడం, బ్యాగు పెట్టడం ఒకటేనని ఆయన నిజంగా నమ్ముతున్నాడో లేదో నాకు తెలియదు. తమ్ముడిని చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. బ్యాగులు విచ్చుకున్న కారును ఎవరైనా కొనాలనే అనుకుంటే, ప్రతి భాగానికీ బిల్లు, ఆ భాగం మీది నంబరు బిల్లులో ఉన్న నంబరుతో సరిపోవడం, కారు కంప్యూటర్‌ను చదివే స్కానరుతో తీసిన నివేదిక, ఈ మూడూ చూడాలి. ఇవి చూపించగలిగేవాళ్లు అమ్మే ధర ఎలాగూ చవకగా ఉండదు.

బీమా సంస్థ "టోటల్ లాస్" అని ప్రకటించిందన్న మాట విని భయపడటం గానీ, అది లేదని ధైర్యపడటం గానీ అనవసరం. మరమ్మతు ఖర్చు కారు విలువకు దగ్గరగా వస్తే ఆ ముద్ర వేస్తారు, అంతే. పాత కారైతే నాలుగు రేకులు, రెండు దీపాలు పోయినా ఆ ముద్ర పడుతుంది. ఖరీదైన కొత్త కారు గది వంగినా తప్పించుకోవచ్చు. బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి ఈ ముద్రలోనే నిర్మాణ భాగానికి తగిలిందా లేదా అని వేరు చేసి చెబుతున్నారు. అది మంచి పద్ధతి, అన్ని చోట్లా రావాలి.

డబ్బు లెక్క గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. విప్పకముందు ఎవరు చెప్పిన ఖర్చునూ నమ్మకూడదు. ఏసీ కండెన్సరు వెనక రేడియేటరు, దాని వెనక ఫ్యాన్లు, గేరుబాక్సు మౌంటు ఒకదాని వెనక ఒకటి బయటపడతాయి. చాలా కొత్త కార్లలో ముందున్న బండ్లను కనిపెట్టే రాడారు బంపరు వెనక, కెమెరా అద్దం వెనక ఉంటాయి. బంపరు మార్చాక వాటిని మళ్లీ సరిచూడాలి. రాడారు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే వంద మీటర్ల దూరంలో దాని చూపు 1.75 మీటర్లు తప్పుతుంది, అంటే పక్క లేన్‌లో ఉన్న బండికి మీ కారు బ్రేకు వేయవచ్చు. ఎలక్ట్రిక్ కారైతే అడుగున ఉన్న బ్యాటరీ పెట్టె సొట్టపోయిందంటే నేను ఇక మాట్లాడను. లోపల నలిగిన సెల్లు రోజుల తర్వాత కూడా అంటుకోగలదు.

నాతో వాదించేవాళ్లు బలంగా చెప్పే మాట ఇంకొకటి ఉంది. "ఈ కారు మళ్లీ అంత గట్టిగా గుద్దుకోవడం ఎంత అరుదు! ఆ అరుదైన రోజు కోసం ఇవాళ చేతికి అందిన కారును వదులుకోవాలా? డబ్బున్నవాళ్లు చెప్పే నీతులు ఇవి." ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. మంచి కారు కొనే స్తోమత లేక, కారు లేకపోతే పని దొరకక దెబ్బతిన్నది కొనేవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది కారు మానుకోమని కాదు. అదే డబ్బుకు, నాలుగేళ్లు పాతదైనా, హంగులు తక్కువైనా, గది చెదరని కారు దొరుకుతుంది. తెరలు, కెమెరాలు, మెత్తటి సీట్లు ఉన్న వంగిన కారుకన్నా, ఏ సౌకర్యమూ లేకపోయినా దూలాలు తిన్నగా ఉన్న కారు గుద్దుకున్న రోజున మనిషిని బాగా కాపాడుతుంది. దెబ్బతిన్న కార్ల దగ్గరికి మనల్ని లాగేది చాలాసార్లు అవసరం కన్నా, మన స్తోమతకు మించిన మోడలు అందుతోందన్న ఆశే.

అరుదు అనే మాటకు వస్తే, కారు కొనే మనిషి తన ప్రాణాన్ని తాను పణం పెట్టుకోవచ్చు. కానీ వెనక సీట్లో కూర్చునే అమ్మకు స్తంభం గురించి ఎవరూ చెప్పరు. స్కూలు నుంచి తీసుకొచ్చే పక్కింటి పాపకు తన ముందున్న బ్యాగు ఖాళీ అని తెలియదు. అన్నిటికన్నా, నాలుగేళ్ల తర్వాత ఆ కారును మన దగ్గర కొనే కుటుంబానికి ఏమీ తెలియదు. టెక్సాస్‌లో గాయపడింది అలాంటివాళ్లే.

అందుకే కొని బాగు చేయించాలని నిర్ణయించుకున్నవాళ్లను నేను ఒకటి అడుగుతాను. విప్పిన ప్రతి దశలో ఫొటోలు తీసి పెట్టండి. వెల్డింగు చేసిన చోట రంగు వేయకముందు ఒక ఫొటో, తుప్పు పట్టకుండా లోపల మైనం కొట్టాక ఒకటి. కొలత కాగితాలు మరమ్మతుకు ముందువి, తర్వాతవి రెండూ కావాలి. బిల్లులు, స్కానరు నివేదిక, చక్రాల అలైన్‌మెంటు కాగితం అన్నీ ఒక ఫైలులో పెట్టి కారు కాగితాలతో పాటు ఉంచండి. మా కారు ఫైలు డ్యాష్‌బోర్డు అరలో పట్టక ఇంట్లో బీరువాలో ఉంది. కారు అమ్మిన రోజున తాళాలతో పాటు అది కూడా కొన్నవాళ్ల చేతికి వెళుతుంది, ధర తగ్గించమని వాళ్లు అడిగినా సరే.